మెనూ చాటున కమాండ్

డేటాబేస్‌ను కనిపెట్టుకుని ఉండే మనిషి చేసే పనులు యాభై ఏళ్లుగా పెద్దగా మారలేదు. సర్వర్‌ను లేపడం, ఆపడం, డిస్కులో చోటు కేటాయించడం, బ్యాకప్ తియ్యడం, ఎవరు ఎవరికి అడ్డం కూర్చున్నారో చూడడం. మారుతూ వచ్చిందల్లా ఈ పనులను యంత్రానికి చెప్పే తీరు. మొదట కాగితం చుట్ట మీద కమాండ్ కొట్టారు. తర్వాత ఆకుపచ్చ అక్షరాల తెర మీద అంకె వేసి ఎంచుకున్నారు. ఆపైన మౌస్‌తో జాబితాలు విప్పారు. ఇప్పుడు బ్రౌజర్లో బటన్లు నొక్కుతున్నారు. ఈ వరుస చూసి, కష్టం నుంచి సుఖానికి సాగిన ప్రయాణం అనేసుకోవచ్చు. కానీ ఒక్కో తెరనూ దగ్గరగా చూస్తే తేలేది వేరు. అడుగున ఉన్న కమాండ్‌ను వాడేవాడికి ఎంత చూపించాలి, ఎంత దాచాలి అన్న ఒకే తగవు ప్రతి తరంలోనూ నడిచింది. ఏ తెర మంచిచెడ్డలైనా ఆ తగవు దగ్గరే తేలాయి.

కాగితం మీద మెనూ నడవదు

మెనూ పుట్టాలంటే ముందు తెర ఉండాలి. అపోలో చంద్రయాత్రకు కావలసిన లక్షలాది విడిభాగాల జాబితాను అదుపులో పెట్టడానికి ఐబీఎం, రాక్‌వెల్, క్యాటర్‌పిల్లర్ సంస్థలు 1966లో కలిసి మొదలుపెట్టిన పనిలోంచి ఐఎంఎస్ అనే డేటాబేస్ పుట్టింది. 1968 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని డౌనీలో, రాక్‌వెల్ వారి కేంద్రంలో ఆ వ్యవస్థ 'రెడీ' అని మొదటిసారి పలికింది. ఆ మాట పడింది తెర మీద కాదు, ఐబీఎం 2740 అనే టైప్‌రైటర్ టెర్మినల్‌లోని కాగితం మీద.

ఆ యంత్రం సెకనుకు సుమారు పదిహేను అక్షరాలు కొట్టేది. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు ఉన్న నిండు పేజీని దానిమీద అచ్చు వెయ్యాలంటే రెండు నిమిషాలు దాటుతుంది. ఒక్కొక్క ఎంపిక కోసం రెండేసి నిమిషాలు కాగితం తిరుగుతుంటే ఎవరికి ఓపిక? కాబట్టి ఏ పనికి ఏ మాట కొట్టాలో మనిషే గుర్తుపెట్టుకోవాలి. ఐఎంఎస్ ఆపరేటర్ కమాండ్లన్నీ ఒక ఏటవాలు గీతతో మొదలవుతాయి, మొదటి మూడు అక్షరాలు కొడితే చాలు. డిస్‌ప్లే అనడానికి 'డి-ఐ-ఎస్', స్టార్ట్ అనడానికి 'ఎస్-టి-ఎ'. ఈ పొదుపు వెనక వేలికొసల శ్రమే కాదు, తీగ మీద అక్షరానికి పట్టే కాలం లెక్క కూడా ఉంది.

ఆకుపచ్చ తెర, అంకెల దారి

1971లో ఐబీఎం 3270 కుటుంబపు టెర్మినళ్లను తెచ్చింది. వాటిలో బాగా వాడుకలోకి వచ్చిన తెరకు 24 వరుసలు, 80 నిలువులు, మొత్తం 1,920 అక్షరాల చోటు. అంతకన్నా ముఖ్యమైనది అది పనిచేసే పద్ధతి. మెయిన్‌ఫ్రేమ్ ఒక నిండు తెరను పంపుతుంది. అందులో ఎక్కడ రాయవచ్చో, ఎక్కడ రాయకూడదో ముందే గీసి ఉంటుంది. మనిషి ఖాళీలు నింపుతున్నంతసేపూ మెయిన్‌ఫ్రేమ్‌కు ఆ ఊసే తెలియదు. ఎంటర్ నొక్కితే మార్చిన ఖాళీలన్నీ ఒక్క మూటగా వెళ్తాయి. జవాబు వచ్చేదాకా కీబోర్డు బిగుసుకుపోయి, తెర అడుగున ఒక ఇంటూ గుర్తు కనిపిస్తుంది. ప్రతి అక్షరానికీ పలకాల్సిన పని తప్పడంతో ఒకే యంత్రం వేలాది టెర్మినళ్లను మొయ్యగలిగింది. ఫారం నింపడం, జాబితాలో అంకె వెయ్యడం ఈ పద్ధతికి అతికినట్టు సరిపోయాయి. మెయిన్‌ఫ్రేమ్ లోకంలో మెనూ నిలదొక్కుకున్నది వాడేవాళ్ల మీద జాలితో కాదు, యంత్రం మీద బరువు తగ్గించే లెక్కతో.

1970ల మధ్యలో వచ్చిన ఎస్‌పీఎఫ్, దాని వారసుడైన ఐఎస్‌పీఎఫ్ ఈ లెక్కను అలవాటుగా మార్చేశాయి. మొదటి తెర మీద అంకెల జాబితా, పైన 'ఆప్షన్ ===>' అనే గీత. 3 కొడితే యుటిలిటీలు, వాటిలో 4 కొడితే డేటాసెట్ల జాబితా. వెనక్కి రావడానికి మూడో ఫంక్షన్ కీ, పైకి జరపడానికి ఏడు, కిందికి ఎనిమిది. కొత్తవాడు ఒక్కో మెట్టూ దిగుతాడు. పాతవాడు ఏ తెరలో ఉన్నా సమానం గుర్తు పెట్టి 3.4 అని కొట్టి నేరుగా అక్కడికే దూకుతాడు. ఒకే మెనూ ఇద్దరికీ రెండు రకాలుగా పనికొచ్చింది. మెట్ల దారి నడిచి నడిచి అంకెలు నోటికి వచ్చాక మెట్ల అవసరం తీరిపోతుంది.

1983లో ఐబీఎం డీబీ2ను ప్రకటించింది. దాని నిర్వహణ తెరలు డీబీ2ఐ పేరుతో ఐఎస్‌పీఎఫ్ గూటిలోనే కూర్చున్నాయి. ఒకటో నంబరు స్పూఫీ, అంటే ఒక ఫైల్లో ఎస్‌క్యూఎల్ రాసిపెట్టి నడిపి, ఫలితాన్ని మరో ఫైల్లో చూసుకునే చోటు. రెండు డీసీఎల్‌జెన్, అయిదు బైండ్, ఏడు డీబీ2 కమాండ్లు, ఎనిమిది యుటిలిటీలు. ఈ ఎనిమిదో నంబరు తెర దగ్గర ఒక్క క్షణం ఆగాలి. బ్యాకప్, రీఆర్గనైజేషన్ లాంటి పెద్ద పనులకు వివరాలు నింపి ఎంటర్ కొడితే ఆ తెర పనిని నేరుగా చేసెయ్యదు. ఆ పనిని మెయిన్‌ఫ్రేమ్‌కు అప్పజెప్పే స్క్రిప్టును, అంటే జేసీఎల్‌ను, రాసిపెడుతుంది. కావాలంటే దాన్ని తెరిచి దిద్దుకుని అప్పుడు పంపుకోవచ్చు. మెనూ ఇక్కడ గుమాస్తా పని చేసింది, సంతకం మాత్రం మనిషిదే. ఆ జేసీఎల్‌ను దాచుకున్నవాళ్లకు రెండోసారి ఆ తెరతో పనిలేదు.

1990ల రెండో సగంలో వై2కే గిరాకీ పెరిగినప్పుడు హైదరాబాద్ శిక్షణ కేంద్రాల్లో కోబాల్, జేసీఎల్, డీబీ2 నేర్చుకుని అమెరికా విమానమెక్కిన తెలుగువాళ్లు చాలామంది. వాళ్లలో ఎందరికో రిలేషనల్ డేటాబేస్‌తో తొలి పరిచయం ఈ స్పూఫీ తెర మీదే జరిగింది.

చుక్క దగ్గర మొదలైన చదువు

మెయిన్‌ఫ్రేమ్ గదికి బయట, బల్ల మీది కంప్యూటర్లో డేటాబేస్ అంటే చాలాకాలం డీబేసే. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో పనిచేస్తూ వేన్ రాట్‌లిఫ్ రాసిన వల్కన్ అనే ప్రోగ్రాం, ఆష్టన్-టేట్ కంపెనీ చేతిలో డీబేస్-2గా మారింది. తెరిస్తే నల్లటి తెర మీద ఒక్క చుక్క. ఏం కొట్టాలో చుక్క చెప్పదు. 1980ల మధ్యలో వచ్చిన డీబేస్-3 ప్లస్ ఈ ఇబ్బందికి 'అసిస్టెంట్' అనే మెనూను తెచ్చింది. సెటప్, క్రియేట్, అప్‌డేట్, రిట్రీవ్ లాంటి పేర్లు పైన వరుసగా ఉంటాయి. బాణం కీలతో కదిలితే ఒక్కో పేరు కింద ఒక్కో జాబితా జారుతుంది.

అసలు విశేషం తెర అడుగున ఉండేది. ఒక్కో ఎంపికా చేస్తున్నకొద్దీ, అవే పనులకు చుక్క దగ్గర కొట్టాల్సిన కమాండ్ మాట మాటగా అక్కడ పేరుకుంటూ కనిపించేది. ఫైలును ఎంచుకోగానే 'యూజ్' అనే మాట, దాని పక్కన ఫైలు పేరు. రికార్డులు చూపించమంటే 'డిస్‌ప్లే'. చెయ్యి పట్టుకుని దిద్దించే పంతులులాగా ఆ అడుగు గీత వాడేవాడికి భాష నేర్పింది. కొన్నాళ్లకు ఎస్కేప్ నొక్కి చుక్క దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు, తడబడితే ఎఫ్2 నొక్కి మళ్లీ మెనూలోకి వచ్చేవాళ్లు. మన జిల్లా కేంద్రాల్లో వర్డ్‌స్టార్, లోటస్‌లతో కలిపి డీబేస్, ఆ తర్వాత ఫాక్స్‌ప్రో నేర్పిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ల కాలం ఇదే. ఒక తరం గుమాస్తాలు, డిగ్రీ విద్యార్థులు డేటాబేస్ అనే మాటను మొదట విన్నది అక్కడే.

వాడేవాడు తమ మీదే ఆధారపడకుండా చేసే తెరలు అప్పట్లో మరికొన్ని వచ్చాయి. ఐబీఎం వారి ఏఐఎక్స్ యూనిక్స్‌లోని స్మిట్ అనే నిర్వహణ మెనూలో ఎఫ్6 నొక్కితే, ఆ మెనూ నడపబోయే అసలు కమాండ్ కనిపిస్తుంది. చేసిన పనులన్నీ స్క్రిప్టుగా ఒక ఫైల్లో రాసి ఉంటాయి. డేటాబేస్ మనుషులు ఆ ఫైలును తెరిచి తమకు కావలసిన వరుసలు ఏరుకునేవాళ్లు.

పెద్దక్షరాల మెనూ: ఇన్‌ఫార్మిక్స్ ఆన్-మానిటర్

యూనిక్స్ లోకపు తెరకు వేరే చిక్కు ఉంది. అక్కడి టెర్మినళ్లు ఒక్కో అక్షరాన్నీ అప్పటికప్పుడు పంపుతాయి. పైగా ఒక్కో కంపెనీ టెర్మినల్‌కు ఒక్కో రహస్య భాష. కర్సర్‌ను ఫలానా చోట పెట్టు, ఈ మాటను వెలిగించు అని చెప్పడానికి ఎవరి కోడ్ వారిదే. బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన టెర్మ్‌క్యాప్ ఈ భాషలన్నిటికీ ఒక పట్టిక తయారుచేసింది. దానిమీద కెన్ ఆర్నాల్డ్ కర్సెస్ లైబ్రరీని కట్టాడు. 1978లో వచ్చిన డెక్ వారి వీటీ100 టెర్మినల్ పద్ధతి క్రమంగా అందరికీ ఒరవడి అయింది. ఈ పునాది మీదే యూనిక్స్ డేటాబేస్‌ల మెనూలు లేచాయి.

వాటిలో బాగా గుర్తుండిపోయేది ఇన్‌ఫార్మిక్స్‌ది. రోజర్ సిప్పల్ 1980లో పెట్టిన కంపెనీ అది. దాని సర్వర్ నిర్వహణ తెర పేరు మొదట టీబీ-మానిటర్, తర్వాతి తరం సర్వర్‌తో ఆన్-మానిటర్. తెర పై వరుసలో ఎంపికలు పక్కపక్కనే ఉంటాయి: స్టేటస్, పారామీటర్స్, డీబీస్పేసెస్, మోడ్, ఫోర్స్-సీకేపీటీ, ఆర్కైవ్, లాజికల్-లాగ్స్, ఎగ్జిట్. రెండో వరుసలో, ఇప్పుడు వెలుగుతున్న ఎంపిక ఏం చేస్తుందో ఒక వాక్యం. స్పేస్‌బార్ గానీ బాణం కీ గానీ నొక్కితే వెలుగు పక్కకు జరుగుతుంది, కింది వాక్యం మారుతుంది. 1983 నాటి లోటస్ 1-2-3 వాడినవాళ్లకు ఇది చూడగానే చుట్టం. ఆ కింద అడ్డగీతలో సర్వర్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో రాసి ఉంటుంది. ఎక్కడ ఉన్నామో, చేతికింద ఏముందో, నొక్కితే ఏమవుతుందో మూడు వరుసల్లో తేలిపోతుంది.

ఎంపికను పట్టుకోవడానికి రెండు దారులు. జరుపుకుంటూ వెళ్లి రిటర్న్ కొట్టడం ఒకటి. పేరులోని పెద్దక్షరాన్ని నేరుగా నొక్కడం రెండోది. మామూలుగా అది మొదటి అక్షరమే. కానీ పారామీటర్స్ మెనూలో 'డ్రాప్-లాగ్' ఉంది, 'డేటా-రెప్లికేషన్' ఉంది, 'డయాగ్నస్టిక్స్' ఉంది, మూడిటికీ ఇంగ్లిష్‌లో మొదటి అక్షరం డి. అందుకని డి ఒకదానికే ఇచ్చి, డేటా-రెప్లికేషన్‌లో ఆర్‌ను, డయాగ్నస్టిక్స్ నడుమ ఉన్న జి అక్షరాన్ని పెద్దవి చేశారు. మోడ్ మెనూలోని 'డెసిషన్-సపోర్ట్'కు మూడో అక్షరమైన సి దక్కింది. బయటివాళ్లకు ఆ పేర్లు అచ్చుతప్పుల్లా కనిపిస్తాయి. లోపలివాళ్లకు అవి వేళ్లకు దారి చూపే గుర్తులు.

వరుసలో చోటు చాలకపోతే చివర మూడు చుక్కలు. ఆ దిక్కుకు జరిగితే మిగిలినవి కనిపిస్తాయి. మొత్తం తెర గురించి సాయం కావాలంటే కంట్రోల్-డబ్ల్యూ, ఒక్క ఖాళీలో ఏం రాయాలో తెలియకపోతే ట్యాబ్‌తో అక్కడికి వెళ్లి కంట్రోల్-ఎఫ్. ఆశ్చర్యార్థకం గుర్తు కొట్టి ఏదైనా యూనిక్స్ కమాండ్ రాస్తే, మెనూలోంచి కాలు బయట పెట్టకుండానే అది నడుస్తుంది.

ఇంత పొందికైన తెరలోనూ ఒక గొయ్యి ఉంది. పారామీటర్స్ కింద మొట్టమొదటి ఎంపిక ఇనిషియలైజ్. కొత్త సర్వర్‌కు డిస్కును సిద్ధం చెయ్యడానికి అది కావాలి. నడుస్తున్న సర్వర్ మీద దాన్ని పూర్తిచేస్తే పాత డేటా అంతా పోయినట్టే. అదే పని కమాండ్‌తో చెయ్యాలంటే ఆన్‌ఇనిట్‌కు 'ఐ' అనే గుర్తు తగిలించాలి. జీవితంలో ఏ ఒకటి రెండుసార్లో కావలసిన పని, రోజూ వాడే వాటి పక్కనే, వాటంతే లావు అక్షరాలతో కూర్చుంది. తర్వాతి కాలంలో ఇన్‌ఫార్మిక్స్‌లో ఫుల్-డిస్క్-ఇనిట్ అనే పారామీటర్ వచ్చింది. డిస్కులో పాత సర్వర్ ఆనవాళ్లు కనిపిస్తే, ఆ పారామీటర్‌ను కావాలని మార్చేదాకా మళ్లీ మొదలుపెట్టడం కుదరదు. తాళం మెనూలో వెయ్యలేదు, అడుగున కమాండ్‌కే వేశారు. మెనూకు వేసిన తాళం కమాండ్ తెలిసినవాడిని ఆపలేదు గనక అదే సరైన చోటు.

ఆన్-మానిటర్‌లోని దాదాపు ప్రతి ఎంపికకూ బయట ఒక కమాండ్ జంట ఉంది. స్థితి చూడడానికి ఆన్‌స్టాట్, మోడ్ మార్చడానికి ఆన్‌మోడ్, చోటు కలపడానికి ఆన్‌స్పేసెస్, లాగ్‌ల కోసం ఆన్‌పారామ్స్. కానీ డీబేస్ అసిస్టెంట్‌లాగా ఈ తెర తన కమాండ్‌ను చూపించదు. పైగా రాత్రి రెండింటికి తనంతట తాను నడవాల్సిన స్క్రిప్టు మెనూలో స్పేస్‌బార్ నొక్కలేదు. సర్వర్లు పదులు, వందలు అయ్యేకొద్దీ పని కమాండ్ల వైపు జరిగిపోయింది. 2001లో ఐబీఎం ఇన్‌ఫార్మిక్స్ డేటాబేస్ వ్యాపారాన్ని కొన్నది. ఆ తర్వాత కొత్త సదుపాయాలకు బ్రౌజర్ తెరలు వచ్చాయి, ఆన్-మానిటర్ వెనకబడింది.

మౌస్ చేతికొచ్చాక

ఒరాకిల్‌లోనూ ఇదే కథ వేరే పేర్లతో నడిచింది. ఆరు, ఏడు వెర్షన్లలో ఎస్‌క్యూఎల్-డీబీఏ అనే పనిముట్టు ఉండేది. దానికి మెనూలున్న నిండు తెర రూపం ఒకటి, ఒక్కో వరుసగా కొట్టే రూపం ఒకటి. దాని చోట సర్వర్ మేనేజర్ వచ్చింది. 9ఐ వెర్షన్‌తో అదీ పోయి, అన్నిటికీ ఎస్‌క్యూఎల్-ప్లస్ ఒక్కటే మిగిలింది. పాత డేటాబేస్ నిర్వాహకుల (డీబీఏల) నోట నానిన 'కనెక్ట్ ఇంటర్నల్' కూడా దాంతోనే పోయింది.

ఈ లోపు విండోస్ వచ్చింది. 1995లో మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 6.0తో పాటు ఎంటర్‌ప్రైజ్ మేనేజర్‌ను తెచ్చింది. ఎడమవైపు సర్వర్, దాని కింద డేటాబేస్‌లు, వాటి కింద టేబుళ్లు, కూడిక గుర్తు నొక్కితే విప్పుకునే అంచెల జాబితా. ఈ జాబితా ఇంత తేలిగ్గా సాధ్యం కావడానికి మూలం 1970లో ఎడ్గర్ కాడ్ వేసిన పునాదిలో ఉంది. రిలేషనల్ డేటాబేస్ తన గురించిన సమాచారాన్ని కూడా టేబుళ్లలోనే పెట్టుకోవాలని, మామూలు డేటాను అడిగే భాషతోనే దాన్నీ అడగగలగాలని 1985లో ఆయన ప్రకటించిన నియమాల్లో ఒకటి. అందువల్ల నిర్వహణ తెరకు గుప్త విద్యలేమీ అక్కర్లేదు. కూడిక గుర్తు నొక్కినప్పుడల్లా వెనక ఒక సెలెక్ట్ నడుస్తుంది. ఒరాకిల్‌లో ఎవరెవరు కనెక్టయి ఉన్నారో చూపించే రంగుల తెరైనా, వీ-డాలర్-సెషన్ అనే వ్యూను అడిగి తెచ్చుకోవలసిందే.

2005లో ఎంటర్‌ప్రైజ్ మేనేజర్ చోట వచ్చిన మేనేజ్‌మెంట్ స్టూడియోలో డైలాగ్ పెట్టెల నెత్తిన 'స్క్రిప్ట్' అనే చిన్న బటన్ ఉంది. వివరాలన్నీ నింపి, ఓకే నొక్కకుండా ఆ బటన్ నొక్కితే, జరగబోయే పని మొత్తం ఎస్‌క్యూఎల్‌గా కొత్త కిటికీలో పడుతుంది. డీబేస్ అడుగు గీత మళ్లీ పుట్టింది అనుకోవచ్చు. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ మేనేజర్‌లో 'షో ఎస్‌క్యూఎల్', పీజీఅడ్మిన్‌లో ఎస్‌క్యూఎల్ ట్యాబ్ చేసేదీ అదే. 1998లో టోబియాస్ రాట్‌షిలర్ మొదలుపెట్టిన పీహెచ్‌పీ-మైఅడ్మిన్ అయితే పని జరిగాక, నడిచిన ఎస్‌క్యూఎల్‌ను పేజీ పైభాగాన చూపిస్తుంది. తక్కువ ధర వెబ్ హోస్టింగ్ తీసుకున్న కుర్రాళ్లు ఎందరో ఆ పెట్టెలోంచే ఎస్‌క్యూఎల్ ఏరుకుని నేర్చుకున్నారు.

తెరలు పోతాయి, మాటలు ఉంటాయి

బ్రౌజర్ తెరలు ఒక కొత్త బలహీనతను బయటపెట్టాయి. ఒరాకిల్ 12సీతో వచ్చిన ఈఎం ఎక్స్‌ప్రెస్ తెర అడోబ్ ఫ్లాష్ మీద కట్టినది. 2020 డిసెంబర్ 31తో అడోబ్ ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది. కింద డేటాబేస్ చక్కగా నడుస్తుండగానే దాని తెర మూతపడే స్థితి వచ్చింది. అదే వేళ వీ-డాలర్-సెషన్ మీద రాసిన పాత ప్రశ్నలు ఎప్పటిలాగే జవాబులు ఇస్తున్నాయి. స్పూఫీ ఇప్పటికీ నడుస్తోంది. పనిముట్టు తెర బతికేది అది నిలుచున్న బ్రౌజర్, ప్లగిన్, ఫ్యాషన్ బతికినంతకాలమే. కమాండ్ భాషకు అంత తొందర లేదు. హైదరాబాద్ అమీర్‌పేటలో ఒరాకిల్ డీబీఏ నేర్చుకునేవాళ్లకు నల్లటి లైనక్స్ కిటికీయే ముఖ్య పాఠం కావడంలో వింత లేదు. ఖండాంతరంలో ఉన్న సర్వర్‌కు ఎస్‌ఎస్‌హెచ్‌లో వెళ్లినప్పుడు అక్కడ ఏ రంగుల తెర ఉంటుందో చెప్పలేం, ఎస్‌క్యూఎల్-ప్లస్ మాత్రం ఉంటుంది.

అలాగని కమాండే దేవుడని తీర్మానిస్తే అదీ తప్పే. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రాముల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు రెండో సర్వర్ మీద అనుకుని ప్రధాన సర్వర్ మీదే డేటా డైరెక్టరీని తుడిచే కమాండ్ కొట్టారు. బ్యాకప్‌లు ఒకదాని తర్వాత ఒకటి చెయ్యిచ్చాయి. చివరికి సుమారు ఆరు గంటల డేటా పోయింది. ఆ వివరాలన్నీ ఆ సంస్థే బయటపెట్టింది. రెండు నల్ల కిటికీలు ఒకేలా ఉన్నప్పుడు ఏది ఏదో చెప్పే దిక్కు ఉండదు. ఆన్-మానిటర్ అడ్డగీతలో ఎప్పుడూ కనిపించే స్థితి లాంటిది ఆ కిటికీల్లో ఉండదు. 'నువ్విప్పుడు ఎక్కడున్నావు' అని చెప్పడంలో మంచి మెనూ కమాండ్ కన్నా ఎప్పుడూ ఒక ఆకు ఎక్కువే చదివింది.

2009లో అమెజాన్ తెచ్చిన ఆర్‌డీఎస్ అనే డేటాబేస్ సేవతో నిర్వహణ క్లౌడ్ కన్సోల్‌లోకి చేరింది. అక్కడ డేటాబేస్‌ను పుట్టించడానికి కొన్ని నొక్కులు చాలు. తీసెయ్యాలంటే మాత్రం 'డిలీట్ మీ' అని కీబోర్డు మీద కొట్టి చూపించాలి. టైపింగ్ తప్పించడానికి పుట్టిన తెరే, అన్నిటికన్నా ప్రమాదకరమైన పని దగ్గర టైపింగ్ అడుగుతోంది. వేలు పరాకున నొక్కగలదు, మాట మాత్రం మనసు పెట్టకుండా రాయడం కష్టమని తెరలు కట్టేవాళ్లు అనుభవం మీద తెలుసుకున్నారు. ఆ పక్కనే, కన్సోల్‌లో నొక్కే పనులన్నిటినీ కమాండ్లుగానూ, దాచుకుని సరిచూసుకోగల ఫైళ్లుగానూ రాసుకునే పద్ధతి పెద్ద సంస్థల్లో స్థిరపడింది. నలభై ఏళ్ల కిందట డీబీ2 యుటిలిటీ తెర రాసిచ్చిన జేసీఎల్‌ను దాచుకున్నవాళ్లు చేసిందీ ఇదే.

కాబట్టి కొత్త నిర్వహణ తెర ఏదైనా చేతికొచ్చినప్పుడు రంగులు, గ్రాఫులు తర్వాత చూడవచ్చు. ముందు అడగవలసినవి మూడు. ఇప్పుడు ఏ సర్వర్ మీద, ఏ స్థితిలో ఉన్నానో కన్ను తిప్పకుండా తెలుస్తుందా? నేను చెయ్యబోయే పని కమాండ్ రూపంలో కనిపిస్తుందా? తిరిగిరాని పనికి వేసిన తాళం మెనూలోనే కాక అడుగున కూడా ఉందా? వీటికి అవునని జవాబిచ్చే తెరను నమ్మి పని చెయ్యవచ్చు, దాని దగ్గర పని నేర్చుకోనూ వచ్చు. రెండో ప్రశ్న దగ్గర నీళ్లు నమిలే తెర ఎంత అందంగా ఉన్నా, అది పాడైన రోజున దాన్నే నమ్ముకున్నవాడి చేతిలో ఏమీ మిగలదు.